ఒక మెట్టు కింద

మాట పూర్తిగా తిరగని వయసులోనే, వంటింట్లో గరిటె జారి నేల మీద పడితే పిన్ని పక్కగదిలోంచి "అది ఎఫ్" అని చెప్పేదట. తాతయ్య చేతిలో పని వదిలేసి పియానో దగ్గరికి పోయి ఎఫ్ స్వరం పలికే మెట్టు నొక్కి చూసేవాడు. గరిటె పలికిందీ మెట్టు పలికిందీ ఒకటే. ఇక ఆ రోజంతా వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ అదే కబురు. ఈ సంగతి నాకు మా అమ్మ చెప్పింది. అమ్మ పిన్నికి అక్క. ఆమెకు మాత్రం గరిటె పడితే గరిటె పడినట్టే వినిపించేది. "మా నాన్న ఆస్తంతా దానికే రాసిచ్చాడు" అని ఇప్పటికీ నవ్వుతుంది. ఆ ఆస్తి చెవి.

తాతయ్య పియానోలకు శ్రుతి చేసే మేస్త్రి. ఇంటి ముందుగదే ఆయన పనిచోటు. గదిలో ఎప్పుడూ రెండో మూడో పియానోలు మూతలు తీసి, పళ్ళు ఇకిలించినట్టు నిలబడి ఉండేవి. జిగురు వాసన, ఉన్ని వాసన, ఇత్తడికి పట్టించిన నూనె వాసన కలిసి మెట్లెక్కి మేముండే మేడ మీదికి కూడా వచ్చేవి. పియానోలో ఒక మెట్టు నొక్కితే లోపల ఉన్ని చుట్టిన చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. తీగ వదులైతే స్వరం దిగిపోతుంది. దాన్ని చుట్టిన మేకును రెంచితో తిప్పి, తీగను బిగించి, స్వరాన్ని మళ్ళీ దాని చోటికి తేవడమే శ్రుతి చేయడం. చెప్పడానికి ఇంతే. చేతికి రావడానికే ఒక యవ్వనమంతా పడుతుంది.

మిగతా మేస్త్రులందరూ శ్రుతిదండం వాడతారు. రెండు కొమ్ములున్న ఉక్కు ముక్క అది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఎప్పుడు విన్నా ఒకటే స్వరం, సి. దానితో పోల్చి మొదటి తీగను బిగించి, మిగిలినవాటిని దాన్నిబట్టి సర్దుకుంటూ పోతారు. తాతయ్యకు ఆ పోలిక అక్కర్లేదు. సి ఎలా పలకాలో ఆయన తలలోనే ఉండేది. దండం ఒకటి ఉండేదిగానీ, మేకుల డబ్బా అడుగున దుమ్ముకొట్టుకుపోయి పడి ఉండేది. అది చెవి లేనివాళ్ళకు చేతికర్ర అని ఆయన ఉద్దేశం. పిన్ని కూడా దాన్ని ముట్టుకోకుండానే పని నేర్చుకుంది. బడి అయ్యాక ముందుగదిలోనే ఉండేది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి తాతయ్యతోపాటు ఇళ్ళకూ బళ్ళకూ వెళ్ళేది. జనం ఆయన్ని మేస్త్రి అన్నట్టే ఈమెను మేస్త్రమ్మ అనడం మొదలుపెట్టారు.

ఆమెకు ఇంకో పేరు కూడా ఉండేది. ఇంట్లో అందరం పరధ్యానం అనేవాళ్ళం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవిగానీ చూపు ఎక్కడా ఆనేది కాదు. పెదాలు ఏదో చప్పరిస్తున్నట్టు కదిలేవి, వేళ్ళు చున్నీ అంచును నలుపుతూ ఉండేవి. కాసేపటికి తేరుకుని, "ఏమన్నారు?" అని అడిగేది. బయటివాళ్ళు పొగరనుకునేవాళ్ళు. పని మధ్యలో అలా ఆగితే తాతయ్యకు మరోలా తోచేది. బిడ్డ తీగను అంత లోతుగా వింటోందని ఆయన మురిసిపోయేవాడు.

ఒకనాడు పట్టపగలు, ముందుగదిలో, రెంచి చేతిలో ఉండగానే పిన్ని నిలువునా పడిపోయింది. ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకుంది. చప్పుడు విని అమ్మ మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చేసరికి, తాతయ్య ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, "అమ్మడూ, అమ్మడూ" అంటూ ఉన్నాడట. తేరుకున్నాక పిన్నికి ఏమీ గుర్తులేదు. నాలుక కొరుక్కుంది. ఒళ్ళు నొప్పులు. ఇంకా నిద్ర ముంచుకొస్తోందని మాత్రం చెప్పింది.

నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకున్న మనిషి ఆవిడ. తొందరపడేది కాదు. పడిపోయిన సంగతి కంటే, పడకముందు ఏమవుతుందో ఎక్కువ అడిగింది. పిన్ని ఆలోచించి చెప్పింది. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నుతుంది, ఆ వెంటనే ఉన్ని కాలిన వాసన. ఉన్ని మధ్యనే బతికే మనిషి కాబట్టి ఆ వాసనను ఎన్నడూ అనుమానించలేదు. అమ్మ ఆ పరధ్యానం ఎలా ఉంటుందో చేసి చూపించింది. డాక్టరమ్మ తల ఊపి, ఇది పొగరూ కాదు, పరధ్యానమూ కాదు, మూర్ఛలో ఒక రకమని చెప్పింది. మెదడులో ఒక మూల నరాలన్నీ ఒక్కసారిగా కలిసి మోగితే మనిషి అలా ఆగిపోతుంది. ఆ మోత మూల దాటి మెదడంతా పాకితే పడిపోతుంది.

తర్వాత పరీక్షకని తల నిండా సన్నటి తీగలు అంటించారు. తలుపు దగ్గర తాతయ్య ముఖం చూడలేక, పిన్ని ఆ తీగలతోనే తలతిప్పి అంది, "నాకు శ్రుతి చేస్తున్నారు నాన్నా, కంగారుపడకు."

డాక్టరమ్మ రాసిన మందు పేరు కార్బమజెపైన్. అదుపు తప్పి మోగే నరాలను అణచిపెట్టడమే దాని పని అని చెప్పింది. రక్తపరీక్ష చేయించి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచింది. ఒంటి మీద దద్దుర్లు కనబడితే ఆ రోజే రమ్మంది. బాగుంది కదా అని సొంతంగా ఆపొద్దని, ఉన్నట్టుండి ఆపితే మూర్ఛ మునుపటి కంటే గట్టిగా తిరగబడుతుందని నొక్కి చెప్పింది. మొదట్లో పిన్నికి తల తూలేది. ఒక్కోసారి ఒక పియానో రెండుగా కనబడేది. "ఉన్న పని చాలదని" అంటూ కళ్ళు నులుముకునేది. ఆ తూలు పోయింది. నిద్రమత్తు తగ్గింది. మూర్ఛలు పలచబడి, మోతాదు పూర్తిగా పెంచాక ఆగిపోయాయి. పిన్ని మాటను మధ్యలో వదిలేయడం మానేసింది. తను పెరుగుతూ ఎంత పోగొట్టుకుందో అప్పుడే తెలిసిందని నాతో చెప్పింది. సినిమా చూస్తూ ఉంటే మధ్యలో కథ తెగిపోయేదట. అందరికీ అలాగే ఉంటుందని అనుకునేదట.

ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. సరిగ్గా అప్పుడే ఊరవతల బడిలో పియానో సంగతి వచ్చింది.

ఆ బడిలో పిల్లల బృందగానానికి ఒక పాత పియానో ఉండేది. పాటల టీచర్ కబురు పెడితే పిన్ని ఒక్కతే వెళ్ళింది. మూత తీసి సి నొక్కితే దాని కింది బి వినిపించింది. మొత్తం పియానో ఒక మెట్టు కిందకు దిగిపోయి ఉంది. ఎవరు చేశారోగానీ ఘోరంగా చేశారనుకుంది. రోజంతా కూర్చుని ఒక్కో తీగనూ పైకి లాగింది. మేకులు మొరాయించాయి. రెండు తీగలు తెగాయి. వాటిని మార్చి, చేతులు వాచిపోయి ఇంటికొచ్చి, మంచి పని చేశానని తృప్తిగా పడుకుంది.

వారం తిరక్కుండానే పాటల టీచర్ ఇంటికి వచ్చింది. కోపంగా రాలేదు, పాపం ఇబ్బందిగా వచ్చింది. పిల్లలు పై స్వరాలు అందుకోలేక గొంతులు చించుకుంటున్నారనీ, వేణువు వాయించే అమ్మాయి పియానోతో కలవలేకపోతోందనీ చెప్పింది. పిన్నికి అర్థం కాలేదు. తాతయ్య ఆమెను వెంటబెట్టుకుని బడికి వెళ్ళాడు. పియానో ముందు నిలబడి ఒకే ఒక్క మెట్టు నొక్కాడు.

"ఒక మెట్టు పైకి ఉందమ్మా ఇది."

"లేదు నాన్నా. సరిగ్గా ఉంది."

తండ్రీకూతుళ్ళకు స్వరం దగ్గర తేడా రావడం అదే మొదటిసారి. తాతయ్య మళ్ళీ నొక్కాడు. పిన్ని మళ్ళీ సరిగ్గా ఉందనే అంది. పాటల టీచర్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. సంగతి తేలేదాకా పియానో మూత వేసి ఉంచమని తాతయ్య ఆమెతో చెప్పి వచ్చాడు.

ఇంటికి రాగానే పిన్ని ముందుగదిలో ఉన్న పియానోలన్నిటి మీదా సి నొక్కింది. అన్నీ బి అనే పలికాయి. వాటిలో ఒకటి అంతకుముందు నెలలో తాతయ్యే శ్రుతి చేసింది. అప్పుడు మేకుల డబ్బా బోర్లించింది. మేకులు గదంతా దొర్లాయి. అడుగున ఉన్న దండాన్ని చున్నీతో తుడిచి, మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

దండం కూడా బి అంది.

ఉక్కు ముక్క దిగిపోదు. దిగింది తన చెవి. ఆ సంగతి ఆమె ఎవరూ చెప్పకుండానే, నేల మీద మేకుల మధ్య కూర్చుని తేల్చుకుంది. ఏడవలేదు. తర్వాత అమ్మ అడిగితే, ఏడవడానికి కూడా ఏదో ఒక స్వరం ఆనాలి కదా అంది. ఎప్పటి నుంచి ఇలా అని వెనక్కి లెక్క వేసుకుంటే, మోతాదు పెంచిన రోజుల దగ్గర ఆగింది.

డాక్టరమ్మతో చెప్పడానికి భయపడింది. నవ్వుతుందేమో, పిచ్చి అనుకుంటుందేమో అని. ఆవిడ నవ్వలేదు. ప్రతి శబ్దమూ దిగిందా, కొన్నేనా, రెండు చెవుల్లోనూ ఒకేలా ఉందా అని అడిగి, చెవి పరీక్ష చేయించింది. వినికిడిలో లోపమేమీ లేదని తేలింది.

"ఇది మీ భ్రమ కాదు," అంది. "ఈ మందుతో అరుదుగా కొందరికి స్వరాలు కిందకు వినిపిస్తాయని పుస్తకాల్లో ఉంది. చాలామంది గమనించరు. గమనించేంత చెవి మీకుంది. మందు ఆపితే చెవి మళ్ళీ మామూలుగా వస్తుంది."

ఆపడమంటే మార్చడమే. ఇంకో మాత్ర ఉంది, దాన్ని మెల్లగా ఎక్కిస్తూ దీన్ని మెల్లగా దించి చూద్దామంది. తాతయ్య వెంటనే సరేనన్నాడు. పిన్ని కూడా సరేనంది. మార్చారు. స్వరాలు తిరిగి వాటి చోటికి వచ్చాయి. ఒకనాటి పొద్దున వీధిలో సైకిల్ గంట మోగితే పిన్ని మంచం మీద లేచి కూర్చుని దాని స్వరం పేరు చెప్పిందట. ఆ పూట తాతయ్య నడకే మారిపోయింది.

సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. పరధ్యానం తిరిగొచ్చింది. కొత్త మందు మోతాదు పెంచారు. అయినా ఒకరోజు రోడ్డు దాటుతూ నడిమధ్యలో ఆగిపోయింది. బస్సు డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేసి, దిగి వచ్చి తిట్టబోయి, ఆమె కళ్ళు చూసి చేయి పట్టుకుని గట్టు మీదకు నడిపించాడు. ఆ తర్వాత ముందుగదిలో ఇంకోసారి పడింది. గడ్డం పియానో అంచుకు తగిలి చీలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

కుట్లు వేయించుకుని వచ్చిన సాయంత్రం పిన్ని తన నిర్ణయం చెప్పింది. ఇంకో మూడో మందు కూడా ఉందట, ప్రయత్నించవచ్చట, డాక్టరమ్మ ఆ మాట కూడా చెప్పింది. పిన్నికి అక్కర్లేదు. మొదటి మాత్రతో ఒంటికి పూర్తిగా నెమ్మది దొరికింది, తనకు అదే కావాలి.

"మరి చెవి?" అన్నాడు తాతయ్య.

"చెవి ఎక్కడికీ పోలేదు నాన్నా. ఒక మెట్టు కింద కూర్చుంది. నేను రోడ్డు మధ్యలో నేను కాకుండా పోవడం కంటే అది నయం."

ఆయన లేచి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. చాలా రోజులు మాట్లాడలేదు. కోపం బిడ్డ మీద కాదని అమ్మ అంటుంది. తను రాసిచ్చిన ఆస్తిని ఒక మాత్ర లాగేసుకుందని ఆయన బాధ.

పిన్ని ఆయన బాధ తీరేదాకా ఆగలేదు. మొదటి మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది. స్వరాలు దిగాయి. ఈసారి ఆమెకు అది ముందే తెలుసు. దండం తీసుకుని పని మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చుంది. తన తలలో ఉన్న స్వరం అబద్ధం చెబుతున్నప్పుడు, దండమూ తీగా రెండూ ఒకే అబద్ధం చెబుతాయని ఆమెకు తట్టింది. రెండూ ఒక మెట్టు కిందకే వినిపిస్తాయి. అంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలిశాయో లేదో ఎప్పటిలాగే తెలుస్తుంది. కలవకపోతే వాటి మధ్య ఒక అల లేస్తుంది, వావ్, వావ్ అని. తీగ దగ్గరవుతున్నకొద్దీ ఆ అల నెమ్మదిస్తుంది. పూర్తిగా కలిసినప్పుడు పడుకుంటుంది. స్వరం పేరు మర్చిపోయి అలనే వినాలి.

చెప్పినంత తేలిక కాదు. పుట్టినప్పటి నుంచి మనిషిని చూడగానే పేరుపెట్టి పిలిచినట్టు స్వరాన్ని పిలిచిన మనిషి. చేతి కింద సి మెట్టు ఉంటుంది, చెవిలో బి ఉంటుంది, తల తిరిగిపోయేది. పాటలు వింటే ఒళ్ళు గగుర్పొడిచేదట, తెలిసిన ముఖానికి వేరే గొంతు అంటించినట్టు. కొన్నాళ్ళు రేడియో పెట్టనిచ్చేది కాదు. ముందుగదిలో ఒక పాత పియానోను పట్టుకుని, శ్రుతి చేయడం, మళ్ళీ చెడగొట్టడం, మళ్ళీ చేయడం. పైన మాకు చెవులు చిల్లులు పడేవి. మా నాన్న ఒకసారి అమ్మతో, మీ చెల్లెలికి చెవి దిగింది, నాకు చెవి పోతోంది అన్నాడు. అమ్మ ఆయనకు దూది ఇచ్చింది.

ఆ పియానోను ఆమె చివరిసారి శ్రుతి చేసి మేడ మీదికి అన్నానికి వచ్చిన మధ్యాహ్నం, కింద ముందుగదిలోంచి ఒక్కో మెట్టు పలకడం వినిపించింది. తాతయ్య తలుపు దగ్గరగా వేసుకుని పరీక్ష చేస్తున్నాడు. ఎడమ చివర నుంచి కుడి చివరకు, మళ్ళీ కుడి నుంచి ఎడమకు. పిన్ని ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటోంది. మెట్లు ఆగాయి. ఆ తర్వాత ఆయన వాయించడం మొదలుపెట్టాడు. శ్రుతి చేసేవాడేగానీ తాతయ్య వాయించడం మేం ఎన్నడూ విన్నది లేదు. తప్పులు పోతూ, ఆగుతూ, అమ్మమ్మ బతికున్న రోజుల్లో ఆమెకిష్టమైన పాటలని అమ్మ గుర్తుపట్టింది, వాటిని పొద్దువాలేదాకా వాయించాడు. పైకి వచ్చాక పిన్ని వంక చూడకుండా, ఆ బడి పియానో సంగతి ఇంకా తేల్చలేదు, రేపు నువ్వే వెళ్ళి సరిచేసి రా అన్నాడు.

పిన్ని వెళ్ళింది. పాటల టీచర్‌కు జరిగిందంతా దాచకుండా చెప్పి, తీగలు తెగకుండా ఒక్కోదాన్నీ కిందకు దించింది. ఆ టీచర్ అప్పటి నుంచి ఇంకెవరినీ పిలవలేదు. ఇంకో నలుగురికి చెప్పింది కూడా. మూర్ఛ ఉన్న మనిషికి పని ఇస్తారా అని అమ్మ భయపడిందిగానీ, పిన్ని దాచకపోవడం వల్లే కాబోలు, జనం మెల్లమెల్లగా అలవాటుపడ్డారు. పెద్ద సంగీతశాలలో కచేరీ పియానో కూడా ఆమె చేతికే వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. నేను కాలేజీకి వెళ్ళే వయసులో తాతయ్య సగం గడ్డంతో తిరగడం మొదలుపెట్టాడు. ఎడమ చెంప నున్నగా ఉండేది. కుడి చెంప మీద గడ్డం గుబురుగా పెరిగిపోయింది. అడిగితే చలికాలం అన్నాడు. చలి ఒక్కవైపే వేస్తుందా అని అమ్మ అడిగితే కసురుకున్నాడు. అసలు సంగతి, కుడి దవడను ఏది తాకినా ఆయనకు ప్రాణం పోతోంది. కత్తి తగిలినా, గాలి తగిలినా, ముద్ద నమిలినా కరెంటు షాక్ కొట్టినట్టు మెరుపు నొప్పి. కొన్ని క్షణాలే ఉండేదిగానీ రోజులో ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేం. పన్ను నొప్పేనని ఆయనే పట్టుబట్టి రెండు పళ్ళు పీకించుకున్నాడు. పళ్ళు పోయాయి. నొప్పి ఉంది. తిండి తగ్గి మనిషి సగమయ్యాడు. మాట్లాడితే వస్తుందని మాట్లాడటం కూడా మానేశాడు.

పిన్ని ఆయన్ని తన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ జుట్టు అప్పటికి పూర్తిగా తెల్లబడింది. ముఖంలోని నరం ఒకటి ఊరికే రేగి మోగుతోందని తేల్చింది. ఆ నరాన్ని మెదడు దగ్గర ఏదైనా నొక్కుతోందేమోనని స్కానింగ్ కూడా తీయించింది, చెడ్డదేమీ లేదు. మందు రాసి కాగితం ఇచ్చింది. తాతయ్య చదివి, కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"ఇది మా అమ్మాయి మాత్ర. నాకు మూర్ఛ లేదు."

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒక్క మూర్ఛకే కాదు, ఈ ముఖం నొప్పికి కూడా ఈ మందును తొలిరోజుల నుంచీ ఇస్తున్నారు. మనసు పట్టలేని ఉద్రేకంలోకీ, పట్టలేని దిగులులోకీ ఊగిపోయే జబ్బులో కూడా కొందరికి ఇస్తారు. రోగాల పేర్లు వేరు, లోపల అదుపు తప్పి మోగే నరాలను అణచడం ఒకటే. పెద్దవయసు కాబట్టి మరీ తక్కువతో మొదలుపెడదాం, రక్తంలో ఉప్పు తగ్గకుండా పరీక్షలు చేస్తూ ఉందాం. అన్నీ విని తాతయ్య లేచి నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక అసలు భయం బయటపడింది. నొప్పితో దవడ పట్టుకుని, మాట మాటకూ ఆగుతూ, "నా చెవి కూడా పోతుంది" అన్నాడు.

పిన్ని ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"నాన్నా, నేను ఇన్నేళ్ళుగా ఉంటున్న చోటే కదా. నువ్వు రావడానికి అంత భయమా?"

తాతయ్య ఆమె వంక చూశాడు. గడ్డం కింద కుట్ల మచ్చ వంక చూశాడని నాకనిపించింది. దారిలో పిన్ని కొనుక్కొచ్చిన మాత్రను చేతిలోకి తీసుకుని, నీళ్ళు తెమ్మని సైగ చేశాడు.

నాలుగైదు రోజుల్లో ఆయన అన్నం నమిలాడు. అమ్మ అది చూసి పమిట చెంగు కళ్ళకద్దుకుంది. ఆ వారంలోనే కుడి చెంప కూడా గీసుకున్నాడు. నొప్పి మొత్తం పోలేదుగానీ, మెరుపు ఉరుముగా, ఉరుము దూరపు గొణుగుడుగా తగ్గింది. మోతాదు కొంచెం పెంచాక అది కూడా సద్దుమణిగింది.

ఆ తర్వాత ఒక ఉదయం ముందుగదిలోంచి ఆయన పిన్నిని పిలిచాడు. నేనూ దిగాను. పియానో ముందు నిలబడి సి నొక్కాడు.

"నీకేం వినిపిస్తోంది?"

"బి," అంది పిన్ని. "నీకు?"

"బి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొదట నవ్వింది ఎవరో నాకు గుర్తులేదు. ఇన్నేళ్ళూ పిన్ని ఒక్కతే ఉన్న లోకంలోకి ఆయన వచ్చి చేరాడు, అక్కడ ఆమె ఎప్పటి నుంచో పాతకాపు. నవ్వుల చప్పుడుకి అమ్మ కూడా దిగి వచ్చింది. తను కూడా నొక్కి చూసి, నాకు ఎప్పుడూ వినిపించేదే వినిపిస్తోంది, టింగుమని అంది. అప్పుడు తాతయ్య స్టూలు లాక్కుని కూర్చుని, డెబ్బై దాటిన చేయి చాపాడు.

"ఆ దండం ఇలా ఇవ్వు. అల ఎలా వినాలో చెప్పు."

పిన్ని చెప్పింది. బుద్ధిమంతుడైన శిష్యుడేమీ కాదు ఆయన. ప్రతిదానికీ ఎదురుచెప్పేవాడు. "పేరుతో పిలవకు నాన్నా, అల విను" అని ఆమె విసుక్కుంటుంటే మాకు వినోదంగా ఉండేది. నేర్చుకున్నాడు మాత్రం. ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళు ఎందుకొచ్చారని అడిగితే చాలు, మాది ఒకే కంచం ఒకే మాత్ర అనీ, ముందు మా అమ్మాయి, తర్వాత నేను అనీ గొంతెత్తి చెప్పేవాడు. మాత్రల సంగతి చాటుగా మాట్లాడుకునే ఆ వరండాలో ఆ మాట వినగానే కొందరు తలలెత్తి చూసేవాళ్ళు. కొడుకును తీసుకొచ్చిన ఒక తల్లి పిన్ని పక్కకు జరిగి కూర్చుని, మీరు నిజంగా ఉద్యోగం చేస్తున్నారా అని అడిగింది. పిన్ని తన రెంచి పట్టి పట్టి కాయలు కాసిన అరచేయి చూపించింది.

నిరుడు సంగీత కళాశాలవాళ్ళు పియానో శ్రుతి నేర్పడానికి ఒక తరగతి పెట్టి, పిన్నిని పిలిచారు. మొదటి రోజు నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పెద్ద గది, మధ్యలో మూత వేసిన పియానో, చుట్టూ కుర్చీల్లో పాతికమంది దాకా ఆడా మగా. పిన్ని సంచి కింద పెట్టి, నిలబడి, పలకరింపులేమీ లేకుండా మొదలుపెట్టింది.

"నాకు మూర్ఛ ఉంది. మాత్ర వేసుకుంటాను. చాలా ఏళ్ళుగా రాలేదు. ఎప్పుడైనా వస్తే నా చేతిలో రెంచి తీసి పక్కన పెట్టండి. పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కదలకుండా పట్టుకోవద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్సును పిలవండి. నేను తేరుకునేదాకా ఒక్కరు నా దగ్గర ఉంటే చాలు."

ఒకమ్మాయి చేయెత్తి, తేరుకున్నాక నీళ్ళివ్వచ్చా అని అడిగింది. పూర్తిగా తెలివి వచ్చాక ఇవ్వమంది పిన్ని. ఇంకేమైనా అడుగుతారేమోనని అందరి వంకా ఒకసారి చూసి, చేతులు దులుపుకుంది.

"సరే. మూత తీయండి."

నలుగురు లేచి మూత ఎత్తారు. లోపల తీగలన్నీ ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చాయి. నా పక్కనున్నాయన నా వైపు వంగి, ఎవరండీ ఆవిడ అని అడిగాడు.

"మా పిన్ని," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.